లాభం పదేళ్ళకి, నష్టం ఏడు వారాలకి

2023 ఆగస్టు 4న, ఒక్క రోజులో, అయిదు యూనివర్సిటీలు అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లోని పాక్-12 కాన్ఫరెన్స్‌ని, అంటే తాము ఆడే లీగుని, వదిలేశాయి. ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్ అనే మరో లీగుకి వెళ్ళాయి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 దారి పట్టాయి. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ అంతకు ఏడాది ముందే బిగ్ టెన్‌కి మాట ఇచ్చేశాయి. కొలరాడో వారం ముందే వెళ్ళిపోయింది. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఏసీసీ అనే లీగులో చేరాయి. 1915లో పుట్టిన లీగులో చివరికి ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి.

ఈ మార్పుల మీద చర్చ టీవీ డబ్బుతో మొదలై టీవీ డబ్బుతోనే ముగుస్తుంది. ఎవరికి ఎన్ని కోట్లు, ఏ పాత వైరం ఆగిపోయింది, ఎవరు ఎంత దూరం విమానంలో వెళ్ళాలి. ఇవన్నీ అవసరమైన విషయాలే. కానీ రిక్రూటింగ్ (కుర్రాళ్ళని జట్టులోకి తెచ్చుకోవడం) వైపు నుంచి చూస్తే కనబడేది ఇంకొకటి ఉంది. పెద్ద లీగుకి వెళ్ళిన జట్టుకి లాభం ఏళ్ళ తరబడి, కొసరి కొసరి అందుతుంది. కొందరికి అందనే అందదు. వెనక మిగిలిన జట్టుకి నష్టం మాత్రం వెంటనే తగులుతుంది. ఈ రెండింటి వేగంలో ఉన్న తేడాయే నా దృష్టిలో అసలు అన్యాయం. దాన్ని సరిదిద్దే నిబంధన ఇప్పటికీ ఒక్కటీ లేదు.

ఈ ఆట కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. పై స్థాయి కాలేజ్ ఫుట్‌బాల్‌లో 2025 నాటికి 136 జట్లు. రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టుకి 12 మ్యాచ్‌లు, అందులో ఎనిమిదో తొమ్మిదో సొంత కాన్ఫరెన్స్ జట్లతోనే. టీవీ హక్కులు కాన్ఫరెన్సే మొత్తంగా అమ్మి, వచ్చిన డబ్బు సభ్యులకి పంచుతుంది. 1984 దాకా ఏ మ్యాచ్ టీవీలో రావాలో కాలేజ్ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒక్కటే నిర్ణయించేది. ఓక్లహోమా యూనివర్సిటీ బోర్డు వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ పెత్తనాన్ని కొట్టేసింది. ఆనాటి నుంచి కాన్ఫరెన్స్ అంటే ఇరుగుపొరుగు యూనివర్సిటీల సంఘం మాత్రమే కాదు, టీవీ కంపెనీలతో బేరమాడే కూటమి కూడా.

ఆ బేరం ఇప్పుడు ఏ స్థాయికి చేరిందంటే, 2023లో మొదలైన బిగ్ టెన్ ఒప్పందం విలువ ఏడేళ్ళకి సుమారు 700 కోట్ల డాలర్లు. 2024 ఆర్థిక సంవత్సరంలో బిగ్ టెన్ పూర్తి వాటా ఉన్న ఒక్కో సభ్యుడికి ఆరు కోట్ల డాలర్ల పైనే ఇచ్చింది. పాక్-12 చివరి రోజుల్లో ఇచ్చింది దాదాపు అందులో సగం. 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన, ఆటగాళ్ళు వేసిన హౌస్ కేసు రాజీతో యూనివర్సిటీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు చెల్లించవచ్చు. 2025-26కి ఆ పరిమితి ఒక్కో యూనివర్సిటీకి 2.05 కోట్ల డాలర్లు. పెద్ద లీగుల్లో చాలామంది అందులో ముప్పాతిక వంతు ఫుట్‌బాల్‌కే కేటాయిస్తున్నారు. పరిమితి అందరికీ ఒకటే. దాన్ని పూర్తిగా వాడుకునే స్తోమత అందరికీ లేదు. లీగు మార్పు రిక్రూటింగ్‌ని తాకేది ముందుగా ఇక్కడే.

ఇంత డబ్బు వస్తుంటే లాభం ఎందుకు ఆలస్యమవుతుంది? మొదటి కారణం, కొత్తగా వచ్చినవాళ్ళకి పూర్తి వాటా ఇవ్వరు. ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో చేరింది ఏటా సుమారు మూడు కోట్ల డాలర్లతో, అంటే పాతవాళ్ళ వాటాలో సగంతో. ఏడాదికి పది లక్షల చొప్పున పెరుగుతూ ఈ ఒప్పందం ముగిసేదాకా అదే లెక్క. స్టాన్‌ఫర్డ్, కాల్ ఏసీసీలో మొదటి ఏడేళ్ళు తీసుకునేది దాదాపు 30 శాతం. డాలస్‌లోని ఎస్‌ఎంయూ (సదర్న్ మెథడిస్ట్ యూనివర్సిటీ) తొమ్మిదేళ్ళు ఏసీసీ టీవీ డబ్బు అడగనని ఒప్పుకునే లోపలికి వచ్చింది.

రెండో కారణం పిల్లల వయసు. ఒక్కో అసిస్టెంట్ కోచ్‌కి కొన్ని జిల్లాలో, ఒక నగరమో అప్పజెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో అతను ఆ హైస్కూళ్ళు తిరుగుతాడు, అక్కడి కోచ్‌లతో మాట్లాడతాడు, పదో తరగతి పిల్లవాడికే స్కాలర్‌షిప్ మాట ఇస్తాడు. పన్నెండులోకి వెళ్ళేముందు, జూన్‌లో, కుటుంబాన్ని క్యాంపస్‌కి పిలుస్తారు. డిసెంబరు మొదటి బుధవారం సంతకాలు. ఏటా ఇరవై, పాతిక మంది చేరతారు. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ మార్పు బయటపడింది 2022 జూన్ 30న. అప్పటికి 2023 బ్యాచ్‌లో చాలామంది మాట ఇచ్చేసి ఉన్నారు. కొత్త లీగు పేరు చెప్పి మొదట్నుంచీ కూర్చోబెట్టి మాట్లాడగలిగింది 2024 బ్యాచ్‌తోనే. ఆ బ్యాచ్‌లోని లైన్‌మన్ (ముందు వరసలో ఢీకొనే ఆటగాడు) 270 పౌన్ల కుర్రాడిగా వస్తాడు. 300 దాటి, బలం పట్టి, బిగ్ టెన్ డిఫెన్స్ ముందు నిలబడటానికి మామూలుగా మూడో ఏడు రావాలి. అంటే ప్రకటనకీ ఫలితానికీ మధ్య నాలుగేళ్ళు.

యూటా ఈ లెక్కకి మంచి ఉదాహరణ. మౌంటెన్ వెస్ట్ అనే చిన్న లీగులో ఉండగా 2008లో 13కి 13 గెలిచి, షుగర్ బౌల్‌లో (బౌల్ గేమ్‌లంటే బాగా ఆడిన జట్లకి సీజన్ చివర దక్కే మ్యాచ్‌లు) అలబామాని 31-17తో ఓడించిన జట్టది. 2011లో పాక్-12లోకి వచ్చింది. మొదటి ఏడు టీవీ వాటా సున్నా, రెండో ఏడు సగం, మూడో ఏడు ముప్పాతిక, ఆ తర్వాతే పూర్తిగా. మైదానంలో కూడా కుదురుకోవడానికి అంతే పట్టింది: 2012లో 5-7 (గెలుపులు-ఓటములు), 2013లో 5-7, పూర్తి వాటా అందడం మొదలైన 2014లో 9-4. కాన్ఫరెన్స్ టైటిల్ గెలవడానికి 2021 దాకా పట్టింది. కైల్ విటింగ్‌హామ్ అనే ఒకే కోచ్ అంతకాలం నిలబడ్డాడు, యాజమాన్యం రెండు ఓటమి సీజన్లు చూసి కూడా అతన్ని మార్చలేదు. ఇవి రెండూ లేకపోతే ఆ పదేళ్ళు పదిహేనయ్యేవి. ఓపిక లేని యూనివర్సిటీ లీగు మారకపోవడమే మేలని నేననేది ఇందుకే.

నెబ్రాస్కాది దీనికి తిరగబడ్డ కథ. సొంత రాష్ట్రంలో జనాభా ఇరవై లక్షలే. పై స్థాయిలో ఆడగల కుర్రాళ్ళు ఏటా చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. బిగ్ 12లో ఉన్నన్నాళ్ళూ టెక్సాస్‌లో మ్యాచ్‌లు ఆడేది కాబట్టి డాలస్, హ్యూస్టన్ పిల్లల తల్లిదండ్రులకి "మీవాణ్ణి మీ ఊరి దగ్గర ఆడుతుండగా చూస్తారు" అని చెప్పగలిగేది. 2011లో బిగ్ టెన్‌కి వెళ్ళాక ఆ మాట పోయింది. ఒహాయో, మిషిగన్, పెన్సిల్వేనియాల్లో దానికి పాత పరిచయాలు లేవు. ఉన్నవన్నీ అక్కడి జట్ల చేతుల్లో ఉన్నాయి. అయినా బో పెలీని జట్టు 2014 దాకా ఏటా తొమ్మిదికి తక్కువ కాకుండా గెలిచింది. చాలామంది దీన్ని చూపించి లీగు మార్పుతో ఏమీ చెడలేదంటారు. ఆ జట్టు తొలి సీజన్లలో ఆడిన పెద్ద బ్యాచ్‌లు పాత లీగు రోజుల్లో ఎంచుకున్నవి అన్నది మర్చిపోతారు. ఆ పిల్లలు వెళ్ళిపోయాక 2017 నుంచి 2023 వరకూ ఏడు సీజన్లు వరసగా నెబ్రాస్కా బౌల్ గేమ్ మొహం చూడలేదు. కోచ్‌లని మార్చుకుంటూ పోవడం కూడా ఇందులో పెద్ద తప్పే, దాన్ని తక్కువ చేయను. కానీ పిల్లలు దొరికే నేలకి దూరమైన జట్టుకి కోచ్ ఎంపికలో పొరపాటు మామూలుకంటే ఎక్కువ ఖరీదవుతుంది.

నష్టం సంగతి వేరు. అది పిల్లల వయసు కోసం ఆగదు, ఎందుకంటే అది ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (వేరే యూనివర్సిటీకి మారాలనుకునే ఆటగాళ్ళు పేరు పెట్టుకునే జాబితా) ద్వారా వస్తుంది. పోర్టల్ 2018 అక్టోబరులో మొదలైంది. 2021 నుంచి ఒకసారి, 2024 వసంతం నుంచి చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లయినా, ఏడాది కూర్చోకుండానే జట్టు మారవచ్చు. మారే హక్కు ఆటగాళ్ళకి ఉండాల్సిందే. కోచ్‌లు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళగలిగినప్పుడు పిల్లల్ని కట్టిపడేయడం ఎప్పుడూ న్యాయం కాదు. ఇక్కడ నా ఫిర్యాదు ఆ హక్కు మీద కాదు, దానికి ముందు పెట్టుబడి పెట్టినవాళ్ళకి ఏమీ దక్కకపోవడం మీద.

వాషింగ్టన్ స్టేట్‌ని దగ్గరగా చూద్దాం. ఊరు పుల్మన్, జనాభా ముప్పై వేల పైచిలుకు, దగ్గర్లోని నగరం స్పోకేన్ 75 మైళ్ళు. పెద్ద పేరున్న కుర్రాళ్ళు ఇక్కడికి రారు. అందుకే ఆ జట్టు ఎప్పుడూ ఇతరులు పట్టించుకోని క్వార్టర్‌బ్యాక్‌లని (బంతి విసిరి అఫెన్స్, అంటే దాడి, నడిపే ఆటగాళ్ళని) వెతికి తెచ్చుకుని తయారు చేసుకునేది. క్యామ్ వార్డ్ చిన్న డివిజన్ కాలేజీ నుంచి వచ్చి రెండేళ్ళు ఇక్కడ ఆడాడు. 2023 సీజన్ అయ్యాక మయామీకి వెళ్ళాడు, 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగు) డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అయ్యాడు. అతని వెనకాల వరసలో ఉన్నది జాన్ మటీర్. టెక్సాస్‌లో మనవాళ్ళు చాలామంది ఉంటున్న ఫ్రిస్కో పక్కనే ఉన్న లిటిల్ ఎల్మ్ కుర్రాడు. ఆ చుట్టుపక్కల అంతమంది రిక్రూటర్లు తిరుగుతున్నా, పెద్ద జట్లేవీ అతని కోసం పోటీ పడలేదు.

2024లో లీగంటూ లేని వాషింగ్టన్ స్టేట్ మౌంటెన్ వెస్ట్ జట్లతో మ్యాచ్‌లు కొనుక్కుని సీజన్ గడిపింది. టెక్సాస్ టెక్‌ని 37-16తో, బిగ్ టెన్‌కి వెళ్ళిపోయిన సొంత రాష్ట్ర ప్రత్యర్థి వాషింగ్టన్‌ని 24-19తో ఓడించింది. నవంబరు 9 నాటికి 8-1. ఆ తర్వాత మూడు మ్యాచ్‌లు వరసగా, అన్నీ మూడు పాయింట్లకి మించని తేడాతో ఓడిపోయింది. డిసెంబరులో అఫెన్స్ నడిపే కోచ్ బెన్ ఆర్బకుల్‌ని ఓక్లహోమా తీసుకుంది. హెడ్ కోచ్ జేక్ డికర్ట్ ఏసీసీలోని వేక్ ఫారెస్ట్‌కి వెళ్ళిపోయాడు. ఆ సీజన్‌లో 29 పాస్ టచ్‌డౌన్లు, పరుగెత్తి మరో 15 చేసిన మటీర్ కూడా ఓక్లహోమాకే వెళ్ళాడు. డిసెంబరు 27న హాలిడే బౌల్‌లో తాత్కాలిక కోచ్‌తో, రెండో క్వార్టర్‌బ్యాక్‌తో ఆడి సిరక్యూజ్ చేతిలో 52-35తో ఓడింది. నవంబరు 9 నుంచి లెక్కపెడితే ఏడు వారాలు. తర్వాత వచ్చిన జిమ్మీ రోజర్స్ కూడా ఒక్క సీజన్ చేసి ఐయోవా స్టేట్‌కి వెళ్ళాడు. ఒరెగన్ స్టేట్‌కి ఇంతకు ఏడాది ముందే ఇదే జరిగింది: అక్కడే చదువుకుని అక్కడే కోచ్ అయిన జోనథన్ స్మిత్ 2023 నవంబరులో మిషిగన్ స్టేట్‌కి మారాడు, క్వార్టర్‌బ్యాక్ ఐడన్ చైల్స్ అతనితోపాటే వెళ్ళాడు.

ఓక్లహోమా వైపు నుంచి ఇదే సంగతి చూస్తే నా వాదన ఇంకా స్పష్టమవుతుంది. 2024లో, బిగ్ 12 వదిలి ఎస్‌ఈసీ అనే పెద్ద లీగులో మొదటి సీజన్: 6-7, కాన్ఫరెన్స్‌లో 2-6. బిగ్ 12లో వేగంతో గెలిచే జట్టుకి ఎస్‌ఈసీ డిఫెన్సివ్ లైన్లు ఊపిరాడనివ్వలేదు; గాయాలు తోడయ్యాయి, సీజన్ మధ్యలోనే అఫెన్స్ కోచ్‌ని తీసేశారు. హైస్కూల్ బ్యాచ్‌లు ఎదిగేదాకా ఆగాలంటే మూడేళ్ళు పట్టేది. ఆగలేదు. పుల్మన్‌లో తయారైన కోచ్‌నీ క్వార్టర్‌బ్యాక్‌నీ జంటగా తెచ్చుకుంది. 2025లో 10-2తో ప్లేఆఫ్‌కి వెళ్ళింది. లీగు మారిన జట్టు తన ఆలస్యాన్ని తగ్గించుకోవాలంటే, మిగిలిపోయిన జట్టు పంట కోసుకోవడమే దగ్గరి దారి. నిబంధనల ప్రకారం ఇందులో తప్పేమీ లేదు, మటీర్ చేసిందీ తప్పు కాదు. తప్పల్లా లెక్కలోనే ఉంది.

దీనికి ఎదురుగా మూడు పేర్లు తప్పకుండా వినిపిస్తాయి: ఎస్‌ఎంయూ, అరిజోనా స్టేట్, ఇండియానా. వీటిని పక్కన పెట్టేయడం కుదరదు.

ఎస్‌ఎంయూ 2024లో ఏసీసీలో అడుగుపెట్టగానే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఎనిమిదికి ఎనిమిది గెలిచి ప్లేఆఫ్ దాకా వెళ్ళింది. కానీ ఆ జట్టు ముందు ఏడాదే పాత లీగులో చాంపియన్. టీవీ డబ్బు వదులుకున్న లోటుని దాతలు పూడ్చారు; ప్రకటన వెలువడిన వారంలోనే పది కోట్ల డాలర్లు పోగయ్యాయి. అన్నిటికంటే ముఖ్యం, అది డాలస్ నడిబొడ్డున ఉంది. క్వార్టర్‌బ్యాక్ కెవిన్ జెన్నింగ్స్ ఆ ఊరి సౌత్ ఓక్ క్లిఫ్ హైస్కూల్ కుర్రాడు. లీగు మారినా రిక్రూటింగ్ నేల అంగుళం కూడా కదలలేదు. అరిజోనా స్టేట్‌ది కూడా దాదాపు ఇదే స్థితి. 2024లో బిగ్ 12లో ఆఖరి స్థానం అంచనా వేస్తే టైటిల్ గెలిచింది. ఫీనిక్స్ లాంటి మహానగరం, అక్కడే చదివిన కోచ్ కెన్నీ డిల్లింగ్‌హామ్, పోర్టల్‌లో సరైన ఎంపికలు.

ఇండియానా అసలు లీగే మారలేదు. 2023లో 3-9. కర్ట్ సిగ్నెటీ జేమ్స్ మాడిసన్ నుంచి వస్తూ డజనుమందిని వెంటబెట్టుకొచ్చాడు, 2024లో 11-2. తర్వాతి సీజన్‌కి క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా వచ్చాడు, జట్టు జాతీయ చాంపియన్ అయింది. మెండోజా ఎక్కణ్ణుంచి వచ్చాడు? కాల్ నుంచి. ఏసీసీలో 30 శాతం వాటాతో సర్దుకుంటున్న కాల్ నుంచి. ఈ ఉదాహరణ నా వాదనకి ఎదురు చెప్పేది కాదు, దాన్నే బలపరిచేది.

దూరం గురించి ఒక మాట. లాస్ ఏంజెలెస్ జట్టు న్యూజెర్సీలో రట్గర్స్‌తో మధ్యాహ్నం 12కి ఆడితే ఆ పిల్లల శరీరాలకి అది ఉదయం 9. ఫుట్‌బాల్ జట్టు సీజన్ మొత్తంలో ఇలాంటి ప్రయాణం మూడు నాలుగుసార్లు చేస్తుంది, ప్రత్యేక విమానంలో. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ అమ్మాయిలు అంతకంటే ఎక్కువసార్లు, మామూలు విమానాల్లో, పరీక్షల మధ్య చేస్తారు. ఆ ఆటల్లో టీవీ డబ్బు పెద్దగా లేదు. వాళ్ళ కాన్ఫరెన్స్‌లని పాత ప్రాంతీయ పద్ధతిలో విడిగా ఉంచడానికి ఫుట్‌బాల్ అడ్డం కాకూడదు.

సరిదిద్దడం ఎలా? బయటికి వెళ్ళేవాళ్ళు చెల్లించే ఎగ్జిట్ ఫీజు ఉంది కదా అంటారు. ఏసీసీలో 2025 రాజీ ప్రకారం అది 16.5 కోట్ల డాలర్లతో మొదలై 2030-31 నాటికి 7.5 కోట్లకి దిగుతుంది. పాక్-12లాగా టీవీ హక్కుల గడువు ముగిసే వేళకి అందరూ కలిసి లేచిపోతే ఆ ఫీజూ ఉండదు. దీనికి ఒక నమూనా కాలిఫోర్నియాలోనే దొరికింది. యూసీఎల్‌ఏ, కాల్ రెండూ ఒకే బోర్డు కింద ఉన్నాయి కాబట్టి, యూసీఎల్‌ఏ వెళ్ళిపోవడం వల్ల కాల్‌కి జరిగిన నష్టానికి ఏటా కోటి డాలర్లు ఇవ్వాలని ఆ బోర్డు తేల్చింది. వాషింగ్టన్‌కీ వాషింగ్టన్ స్టేట్‌కీ వేర్వేరు బోర్డులు, అందుకే పుల్మన్‌కి అలాంటిదేమీ రాలేదు. రెండూ ఒకే రాష్ట్ర ప్రజల పన్నులతో నడిచే సంస్థలైనప్పుడు ఆ పని శాసనసభ చేయాలి.

రెండోది, తయారీ ఖర్చు. ప్రపంచ సాకర్‌లో కుర్రాణ్ణి తయారు చేసిన క్లబ్బులకి శిక్షణ పరిహారం కట్టాలని ఫిఫా నియమం ఉంది. ఇక్కడ ఎన్‌సీఏఏ పై నుంచి రుద్దితే కోర్టులో నిలవదు. కానీ ఇప్పుడు యూనివర్సిటీ నేరుగా ఆటగాడితో ఒప్పందం రాసుకుంటోంది, అందులో గడువుకి ముందే వెళ్తే చెల్లించాల్సిన మొత్తాన్ని రాసుకోవడం కొందరు మొదలుపెట్టారు. ఆ మొత్తం పిల్లవాడి జేబులోంచి కాకుండా కొత్త యూనివర్సిటీ నుంచి పాత యూనివర్సిటీకి వెళ్ళేలా ఉంటే, ఆటగాడి స్వేచ్ఛ తగ్గదు, పుల్మన్ లాంటి చోట తయారీకి కొంత విలువ దక్కుతుంది.

కొడుకుని ఇలాంటి జట్టుకి పంపబోయే కుటుంబం లీగు పేరు కంటే ముందు కొన్ని అడగాలి. ఈ యూనివర్సిటీకి లీగు వాటా పూర్తిగా అందేది ఏ ఏడాది నుంచి? మావాడు ఆడే స్థానంలో పోయిన జనవరిలో పోర్టల్ నుంచి ఎంతమందిని తెచ్చారు? కోచ్ వెళ్ళిపోతే ఒప్పందంలోని డబ్బు కొనసాగుతుందా? ఎగువ లీగులో 105 మంది జాబితాలో ఎనభయ్యో వాడిగా కూర్చునేకంటే, కింది స్థాయి జట్టులో రెండేళ్ళు మైదానంలో ఉండటం మంచిదని వార్డ్, మటీర్, మెండోజాల దారి చూస్తే తెలుస్తుంది. ఫుట్‌బాల్‌తో సంబంధం లేని తల్లిదండ్రులకీ ఇందులో పట్టింపు ఉంది. మన పిల్లలు వేలల్లో చదువుతున్న పబ్లిక్ యూనివర్సిటీల్లో కొన్ని క్రీడల లోటుని విద్యార్థుల ఫీజులతో పూడ్చుకుంటాయి. ఫీజు బిల్లులో అథ్లెటిక్స్ పేరుతో ఎంత ఉందో చూడటం తేలికే.

2026 సీజన్‌కి పాక్-12 మళ్ళీ లేస్తోంది: బోయిసీ స్టేట్, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, యూటా స్టేట్, టెక్సాస్ స్టేట్, పాత ఇద్దరితో కలిపి ఫుట్‌బాల్‌లో ఎనిమిది. వీటిలో టెక్సాస్ స్టేట్ ఎంపిక నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపిస్తుంది. అది ఆస్టిన్‌కీ శాన్ ఆంటోనియోకీ మధ్య శాన్ మార్కస్‌లో ఉంది. వార్డ్, మటీర్ ఇద్దరూ టెక్సాస్ కుర్రాళ్ళే. ఇకమీదట వాషింగ్టన్ స్టేట్ కోచ్ ఆ రాష్ట్రంలో ఒక ఇంట్లో కూర్చుని, రెండేళ్ళకోసారైనా మీ అబ్బాయి ఇక్కడికే వచ్చి ఆడతాడని తల్లిదండ్రులకి చెప్పగలడు. వచ్చిన అబ్బాయి ఎంతకాలం నిలుస్తాడన్నది ఏటా జనవరి పోర్టల్‌లో తేలుతుంది. 2026లో అది 2 నుంచి 16 వరకూ తెరిచి ఉన్నది. వసంతంలో ఉండే రెండో అవకాశాన్ని తీసేశారు. చిన్న జట్లకి అది కొంచెం ఊరట, కనీసం ఏప్రిల్ ప్రాక్టీసులు మొదలయ్యాక ఎవరున్నారో వాళ్ళతోనే సీజన్‌కి వెళ్ళవచ్చు.